వెనక బెంచీలో కూర్చునే మాస్టారు

గంట కొట్టగానే ఎనిమిదో తరగతి గదిలోకి ఇద్దరు వస్తారు. ముందు వచ్చిన కుర్రవాడు నల్లబల్ల దగ్గర ఆగిపోతాడు. చేతిలో చుట్టచుట్టిన చార్టు, సుద్దముక్కల పెట్టె, నీటుగా అట్టవేసిన రికార్డు పుస్తకం. వెనక వచ్చిన పెద్దాయన బల్లల మధ్యగా నడుచుకుంటూ పోయి ఆఖరి బెంచీలో, తరగతిలోకెల్లా అల్లరి పిల్లవాడి పక్కన కూర్చుంటారు. జూన్ నుంచి తమకు పాఠం చెబుతున్న మాస్టారు ఇవాళ తమ బెంచీలో కూర్చోవడం చూసి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. నల్లబల్ల దగ్గరున్న కుర్రవాడికి మాత్రం నవ్వు రాదు. గొంతు తడి ఆరిపోతుంది. రాత్రి పదిసార్లు వల్లెవేసుకున్న మొదటి వాక్యం కాస్తా గుర్తుకు రాకుండా పోతుంది.

గోదావరికి అటూ ఇటూ ఉన్న హైస్కూళ్ళలో ఏటా కనిపించే దృశ్యమిది. ఆ కుర్రవాడు బి.ఎడ్. విద్యార్థి. ట్రైనింగు కాలేజీల భాషలో ఛాత్రోపాధ్యాయుడు, అంటే ఇంకా చదువుకుంటూనే పాఠం చెప్పేవాడు. వెనక కూర్చున్నాయన ఆ బడి ఉపాధ్యాయుడు. కాగితాల మీద ఆయన పేరు ‘మార్గదర్శక ఉపాధ్యాయుడు’. బడిలో మాత్రం అంత పెద్ద మాట ఎవరూ వాడరు. ‘మా ట్రైనీలను చూసే మాస్టారు’ అంటారు, అంతే.

ఈ పెద్దాయన గురించి మాట్లాడుకునేవారు తక్కువ. టీచరు కావాలంటే ముందు ఎడ్‌సెట్ రాయాలి. తరవాత బి.ఎడ్. పరీక్షలు, ఆ తరవాత టెట్, ఆపైన డి.ఎస్.సి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రంలో 16,347 పోస్టులకు మెగా డి.ఎస్.సి. ప్రకటన వెలువడినప్పుడు లక్షలాది కుటుంబాలు ఎదురుచూసింది ఆ పరీక్ష కోసమే. స్కూల్ అసిస్టెంటు, సెకండరీ గ్రేడు పోస్టులకు ఎంపిక లెక్క ఏమంటే, రాతపరీక్షకు 80 పాళ్ళు, టెట్ మార్కులకు 20 పాళ్ళు. ఈ నూటిలో పాఠం చెప్పి చూపించడానికి ఒక్క మార్కూ లేదు! నలభైమంది పిల్లల ముందు నిలబడగలడా, నోరు పెగులుతుందా, బల్ల మీద రాసింది చివరి వరసకు కనిపిస్తుందా అని డి.ఎస్.సి. అడగదు. కంప్యూటరు ముందు కూర్చుని సరైన జవాబు మీద నొక్కితే చాలు.

మరి అతను పాఠం చెబుతుండగా చూసిందెవరు? ట్రైనింగు కాలేజీ లెక్చరరు అప్పుడప్పుడు వచ్చి చూస్తారు. బి.ఎడ్. చివర ప్రాక్టికల్ పరీక్షలో పరీక్షకులు ఒక పాఠం చూస్తారు. రోజూ, వారాల తరబడి చూసేది మాత్రం వెనక బెంచీలోని మాస్టారే. ఆయన శ్రద్ధగా చూస్తే ఒక టీచరు తయారవుతాడు. ఆయన స్టాఫు రూములో కూర్చుంటే రికార్డు మాత్రమే తయారవుతుంది.

రాజమండ్రికి ఉన్న పేరు

ఈ విషయంలో రాజమండ్రి మాట్లాడితే చెల్లుతుంది. ఇక్కడ ప్రభుత్వ ట్రైనింగ్ కాలేజీ 1894లో ఏర్పడింది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి దేశం మొత్తం మీద హైస్కూలు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కాలేజీలు ఆరే ఆరు. మద్రాసు దగ్గర సైదాపేట, మన రాజమండ్రి, కర్సియాంగ్, అలహాబాదు, లాహోరు, జబల్పూరు. లాహోరు, అలహాబాదు వంటి మహానగరాల సరసన గోదావరి గట్టు మీది ఊరు నిలిచింది. కళింగాంధ్ర నుంచి రాయలసీమ దాకా తెలుగువారికి అందుబాటులో ఉన్నవి అప్పట్లో సైదాపేట, రాజమండ్రి, ఈ రెండే.

1904లో కర్జన్ ప్రభువు ప్రభుత్వం విద్యావిధానం మీద ఒక తీర్మానం ప్రకటించింది. ప్రతి ట్రైనింగు కాలేజీకీ అనుబంధంగా ఒక అభ్యాస పాఠశాల ఉండాలన్నది అందులో ఒక మాట. కాలేజీలో నేర్చుకున్న పద్ధతులను ఉద్యోగంలో చేరాక గాలికి వదిలేయకుండా కాలేజీకీ బడులకూ మధ్య సంబంధం ఉండాలన్నది మరో మాట. నూట ఇరవై ఏళ్ళ కిందటి ఈ రెండో మాట ఈనాటికీ తీరని కోరికగానే ఉందంటే తప్పు కాదు.

ఆ రోజుల్లో బి.ఎడ్. అనే పేరు లేదు. ఎల్.టి. అనేవారు. తరవాత బి.టి. అయింది. ఆపైన బి.ఎడ్. అయింది. ఇప్పటికీ పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళు ‘బి.టి. మాస్టారు’ అంటారు. ఎల్.టి., బి.టి. నాటి ట్రైనింగులో ‘క్రిటిసిజం పాఠం’ అని ఒకటుండేది. ఒక ఛాత్రోపాధ్యాయుడు పాఠం చెబుతుంటే తోటివారంతా, అధ్యాపకులతో సహా, వెనక వరసల్లో కూర్చుని నోట్సు రాసుకునేవారు. పాఠం అయ్యాక పిల్లలను పంపించేసి ఒక్కొక్కరే లేచి తప్పులు ఎంచేవారు. దాన్ని తట్టుకుని నిలబడినవాడు ఇక ఏ తనిఖీ అధికారికీ జంకేవాడు కాదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఈ దారిన వచ్చినవారే. 1910లో ఆయన సైదాపేటలో ఎల్.టి. శిక్షణకు వెళ్ళారు. ఆయన పాండిత్యం చూసి అక్కడి అధ్యాపకుడు నువ్వు క్లాసులో కూర్చోనక్కరలేదు, మనస్తత్వశాస్త్రం మీద తోటివారికి నువ్వే ఉపన్యాసాలు చెప్పు అన్నారట. ఆ ఉపన్యాసాలే 1912లో పుస్తకంగా వచ్చాయి. తరవాత కొద్దికాలం ఆయన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలోనూ పనిచేశారు. అయితే ట్రైనింగుకు వచ్చే అందరూ రాధాకృష్ణన్‌లు కారు గదా! మిగతావారికి వెనక నుంచి చూసి చెప్పే మనిషి కావాలి.

వెనక కూర్చుని వినడంలో ఎంత బలముందో చెప్పే సంగతి మరొకటి ఉంది. 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు జె.ఎ.యేట్స్ అనే దొర పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చాడు. తెలుగు తరగతుల్లో పాఠాలు విన్నాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు మరొకటి ఎందుకని ఆయనకు సందేహం వచ్చింది. విశాఖపట్నంలో ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆయన గురజాడ, గిడుగుల వైపు చూపించారు. వ్యావహారిక భాషోద్యమం రాజుకోవడానికి ఆ ప్రశ్న ఒక నిప్పురవ్వ అయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు స్వయంగా బడిపంతులే.

1986 జాతీయ విద్యావిధానం తరవాత జిల్లాకొక విద్యాశిక్షణ సంస్థ చొప్పున ‘డైట్’లు వచ్చాయి. తూర్పుగోదావరికి బొమ్మూరులో, పశ్చిమగోదావరికి దూబచర్లలో పెట్టారు. ప్రాథమిక పాఠశాలల్లో చెప్పబోయేవారు అక్కడ తయారవుతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టాక ఓ చిత్రం జరిగింది. పాత రెండు జిల్లాల డైట్‌లూ కొత్త తూర్పుగోదావరి జిల్లాలోకే వచ్చాయి!

మొదటి వారం తప్పులు

ట్రైనీ ఎవరైనా, సబ్జెక్టు ఏదైనా, మొదటి వారం తప్పులు దాదాపు ఒక్కటే. ఏళ్ళ తరబడి వెనక బెంచీలో కూర్చున్న మాస్టార్లకు ఇవి కంఠోపాఠం.

మొట్టమొదటిది నల్లబల్లతో మాట్లాడటం. పిల్లలకు వీపు పెట్టి, రాస్తూ రాస్తూ బల్లకే పాఠం చెప్పేస్తారు. మాట బల్లకు తగిలి అక్కడే ఉండిపోతుంది. రాసేటప్పుడు ఒక పక్కకు ఒదిగి నిలబడాలి, రాసింది చదివి పిల్లల వైపు తిరగాలి, అప్పుడు వివరించాలి. కొత్త సుద్దముక్క కీచుమంటే రెండుగా విరిచి రాయాలి. తుడిచేటప్పుడు అడ్డంగా కాక పైనుంచి కిందికి తుడవాలి, లేకపోతే ముందు వరస పిల్లల నెత్తిన సుద్ద పడుతుంది. చివరి బెంచీకి కనిపించేంత లావుగా అక్షరాలుండాలి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. కానీ ఆఖరి బెంచీలో కూర్చున్న మనిషి ‘బాబూ, నువ్వు రాసిన ల కు, వ కు నాకు ఇక్కడ నుంచి తేడా తెలియలేదు’ అని చెప్పేదాకా ఎవరికీ ఎక్కవు.

రెండోది ప్రశ్న. ట్రైనీ మొదట పేరు పిలుస్తాడు, తరవాత ప్రశ్న వేస్తాడు. పేరు వినబడగానే ఆ ఒక్క పిల్లవాడు ఉలిక్కిపడతాడు, మిగతా ముప్ఫైతొమ్మిది మందీ హమ్మయ్య అనుకుని కిటికీలోంచి చూస్తారు. ప్రశ్న ముందు వేయాలి. ఆగాలి. అందరూ ఆలోచించాక అప్పుడు పేరు పిలవాలి. ఆ ఆగడమే కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల రికార్డింగులు విని తేల్చిందేమంటే, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మించి ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, జవాబు చెప్పేవాళ్ళూ పెరుగుతారు. మూడు సెకన్లే! కానీ కొత్త టీచరుకు తరగతిలో మూడు సెకన్ల నిశ్శబ్దం మూడు గంటల్లా ఉంటుంది. భయమేసి తనే జవాబు చెప్పేస్తాడు. ఇక్కడ కొందరు పెద్ద మాస్టార్లు ఓ ఉపాయం చెబుతారు. ప్రశ్న వేశాక మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోమంటారు.

మూడోది ‘అర్థమైందా?’ ఈ మాట అడగని ట్రైనీ లేడు. ‘అర్థమైందండీ...’ అని గది దద్దరిల్లేలా పలకని తరగతీ లేదు. ట్రైనీ మొహం వెలిగిపోతుంది. వెనక బెంచీలోని మాస్టారు మాత్రం పక్క పిల్లవాడి నోట్సులోకి తొంగిచూస్తారు. అక్కడ సగం లెక్క ఉంటుంది, మిగతా సగంలో బొమ్మ ఉంటుంది. పీరియడ్ అయ్యాక వరండాలో ఆ నోట్సు ట్రైనీ చేతిలో పెట్టి ఊరుకుంటారు. వేరే మాట అక్కరలేదు. ‘అర్థమైందా’ అని అడగడం మాని ‘ఏదీ, నువ్వు బల్ల మీద చేసి చూపించు’ అనడం ఆ రోజు నుంచి అలవాటవుతుంది.

ట్రైనింగు కాలేజీలో ఇవేవీ చెప్పరని కాదు. హెర్బార్ట్ సోపానాలు చెబుతారు. సన్నాహం, ప్రదర్శనం, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం అని పాఠ్యపథకం రాయిస్తారు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సూక్ష్మబోధన కూడా చేయిస్తారు. ఒక్క నైపుణ్యం తీసుకుని ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు సమీక్ష, పన్నెండు నిమిషాలు మళ్ళీ తయారీ, ఆరు నిమిషాలు మళ్ళీ పాఠం, ఆరు నిమిషాలు మళ్ళీ సమీక్ష. ముప్ఫైఆరు నిమిషాల వ్యవహారం. మంచి సాధనే. కాకపోతే అక్కడ పిల్లలుగా కూర్చునేది తోటి ట్రైనీలు. వాళ్ళు పద్ధతిగా చేతులెత్తుతారు, పద్ధతిగా జవాబులు చెబుతారు. అసలు ఎనిమిదో తరగతిలో పాఠం మధ్యలో ఒకడు ‘మాస్టారండీ, వీడు నా పెన్సిలు తీసేశాడండీ’ అని లేస్తాడు. ఆ పెన్సిలుకు సోపానం ఏ పుస్తకంలోనూ లేదు.

చెప్పే తీరు

తప్పు చూడటం ఒక ఎత్తు, దాన్ని చెప్పడం మరో ఎత్తు. మంచి మాస్టారు పిల్లల ముందు ట్రైనీ మాటకు అడ్డురారు. బల్ల మీద తప్పు పడినా అక్కడికక్కడ అరవరు. మరీ తప్పనిసరైతే వెనక నుంచే చెయ్యెత్తి, పిల్లవాడిలా ‘మాస్టారండీ, రెండో వరుస మరోసారి చెప్పండి’ అంటారు. ట్రైనీ తిరిగి చూసుకుంటాడు, తప్పు తనే దిద్దుకుంటాడు. పిల్లల ముందు ఆయన ట్రైనీని ‘మాస్టారు గారు’ అనే పిలుస్తారు. వరండాలోకి వచ్చాకే ‘బాబూ’, ‘ఏవమ్మా’ అనేది. పెద్దాయనే అంత మర్యాద ఇస్తుంటే పిల్లలు ఇవ్వక చస్తారా?

వరండాలో జరిగే ఆ పది నిమిషాల మాటలే అసలు ట్రైనింగు. అన్నీ ఒక్కరోజే చెబితే కుర్రవాడు బెంబేలెత్తిపోతాడు. ఇవాళ ఒకటే. ‘ఇవాళ గొంతు బాగుంది. రేపు బల్ల సంగతి చూద్దాం.’ ‘ఆయ్, అలాగేనండీ’ అని తల ఊపుతాడు ట్రైనీ. మర్నాడు బల్ల బాగుపడుతుంది, గొంతు మళ్ళీ పడిపోతుంది. ఎల్లుండి రెండూ కుదురుతాయి. ఇలా వారాలు పడుతుంది.

లంక గ్రామాల నుంచి పంటు దాటి, బస్సు పట్టుకుని వచ్చే ఆడపిల్లలకు ఇంకో చిక్కు ఉంటుంది. గొంతు పెంచి మాట్లాడవద్దని ఇంట్లో ఇరవై ఏళ్ళు నేర్పారు. ఇక్కడ గొంతు పెంచమంటారు. ఇలాంటి చోట మాస్టారి కన్నా పెద్ద టీచరమ్మ మాట బాగా పనిచేస్తుంది. అరవడం వేరు, చివరి బెంచీతో మాట్లాడటం వేరు అని ఆవిడ తన క్లాసులో తనే చేసి చూపిస్తారు. మొదటి రోజుల్లో ట్రైనీ వెనక కూర్చుని పెద్దవారి పాఠం చూడాలని నియమం పెట్టింది అందుకే. ఆ నాలుగు రోజుల ‘పరిశీలన’ను చాలామంది తూతూమంత్రంగా కానిచ్చేస్తారు. అది పెద్ద నష్టం.

గోదావరి గట్టున భాక్రానంగల్

ట్రైనీలు పుస్తకం వదిలి రాలేరు. సాంఘికశాస్త్రంలో ఆనకట్టల పాఠం వస్తే రాత్రంతా కూర్చుని భాక్రానంగల్ చార్టు రంగులతో గీసుకొస్తారు. పిల్లలు చార్టును మెచ్చుకుంటారు, పాఠం తలకెక్కదు. ధవళేశ్వరం చుట్టుపక్కల బడిలో ఇలాంటి పాఠం జరిగితే పెద్ద మాస్టారు చెప్పే మాట ఒక్కటే. ‘లాకులు చూసినవాళ్ళు చేతులెత్తండి అని అడుగు.’ తరగతి తరగతంతా చేతులెత్తుతుంది. లాకుల దగ్గర నీళ్ళు ఎలా ఎక్కుతాయో, కాలువ కట్టేస్తే ఊళ్ళో ఏమవుతుందో పిల్లలే చెబుతారు. 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట, దాని స్థానంలో తరవాత వచ్చిన బ్యారేజీ, ఇవి వాళ్ళకు చార్టు మీద బొమ్మలు కావు. రోజూ దాటే దారి. అక్కడ నుంచి భాక్రానంగల్‌కు వెళ్ళడం తేలిక. అటు నుంచి ఇటు రావడమే కష్టం.

లెక్కల్లోనూ అంతే. దీర్ఘచతురస్రం వైశాల్యం అనగానే ట్రైనీ పుస్తకంలోని మీటర్లు బల్ల మీద వేస్తాడు. డెల్టా పిల్లవాడికి భూమి అంటే ఎకరం, సెంటు, గజం. ఎకరానికి వంద సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. ఇంట్లో కౌలు మాటల్లో రోజూ వినేవే. ‘అరవై గజాల పొడవు, నలభై గజాల వెడల్పు చేను ఎంత?’ అని అడిగితే, గుణకారం అవ్వగానే వెనక బెంచీ నుంచి జవాబు వస్తుంది. 2,400 చదరపు గజాలు, ‘అర ఎకరానికి ఇరవై గజాలు తక్కువండీ’ అని. ఆ జవాబు చెప్పినవాడు అంతవరకూ లెక్కల్లో నోరు విప్పనివాడే అయ్యుంటాడు. ఆ తరవాత అదే చేనును మీటర్లలోకి మార్చమంటే మారుస్తాడు.

ఇలాంటివి ఏ పాఠ్యపథకంలోనూ ముందుగా రాసి ఉండవు. ఊరు తెలిసినవాళ్ళు చెప్పాలి. పదిహేనేళ్ళు ఒకే ప్రాంతంలో పాఠం చెప్పిన మనిషికి ఏ పిల్లవాడి తండ్రి ఏం చేస్తాడో, ఎవరు నాట్ల రోజుల్లో బడి మానేస్తారో, ఎవరికి కళ్ళజోడు కావాలో తెలుసు. ట్రైనీకి ఈ జాబితా ఇచ్చే మాస్టారు సగం ట్రైనింగు ఇచ్చినట్టే.

లెక్కకు రాని పని

ఇంత చేసే మాస్టారికి దక్కేదేమిటి? సాధారణంగా ఏమీ లేదు. పీరియడ్లు తగ్గవు. సిలబస్ బాధ్యత తగ్గదు. ట్రైనీ పాడుచేసిన పాఠం మళ్ళీ తనే చెప్పుకోవాలి. పదో తరగతి ఫలితాలకు జవాబు చెప్పాల్సింది తనే. అందుకే చాలా బడుల్లో పదో తరగతి ట్రైనీలకు ఇవ్వరు. ‘మా పిల్లలేమైనా మీ ప్రయోగాలకు ఎలకలా?’ అని అడిగే తల్లిదండ్రులూ ఉంటారు. వారి బాధలో న్యాయం లేకపోలేదు. పిల్లవాడికి ఎనిమిదో తరగతి ఒక్కసారే వస్తుంది. వెనక బెంచీలో మాస్టారు ఉన్నంతవరకే ఆ పిల్లవాడికి రక్షణ.

అన్ని చోట్లా మాస్టారు ఉంటారా అంటే, ఉండరు. ట్రైనీలు రాగానే కొన్ని బడులకు సెలవులు వచ్చినట్టే. ఖాళీ పోస్టులున్న చోట ట్రైనీనే టీచరుగా లెక్కేసి పూర్తి టైంటేబులు అతని మెడకు చుడతారు. సెలవు పెట్టినవారి పీరియడ్లు, మధ్యాహ్న భోజనం దగ్గర లైను చూడటం, కాగితాలు నింపడం కూడా అతనికే. చూసేవారు లేకుండా నలభై పాఠాలు చెప్పినవాడు నలభైసార్లు ఒకే తప్పు చేస్తాడు. తప్పు గట్టిపడిపోతుంది. ఆ తరవాత ముప్ఫైఏళ్ళ సర్వీసులో దాన్ని కదిలించడం బ్రహ్మతరం కాదు.

రికార్డుల సంగతి ఇంకో కథ. కిందటేడు సీనియరు రాసిన పాఠ్యపథకాలు అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకోవడం కొత్తేమీ కాదు. డబ్బిచ్చి రాయించుకునేవారూ ఉన్నారు. నెలాఖరున కట్టలు కట్టలుగా రికార్డులు తెచ్చి స్టాఫు రూము బల్ల మీద పెడితే, ఎర్రసిరాతో ‘బాగుంది’, ‘బాగుంది’ అని గంటలో సంతకాలయిపోతాయి. ‘బాగుంది’ అన్న ఆ మాట వల్ల ఎవరూ బాగుపడలేదు. ‘మూడో ప్రశ్నకు పిల్లలు జవాబు చెప్పలేదు, ఎందుకో ఆలోచించు’ అని ఒక్క పేజీలో రాస్తే అది ఇరవై సంతకాల పెట్టు.

బడికే రాని ట్రైనీల మాటా దాచిపెట్టేది కాదు. 2012లో జస్టిస్ జె.ఎస్.వర్మ కమిషన్ దేశంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థల పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని 2020 జాతీయ విద్యావిధాన పత్రమే రాసిందేమంటే, పదివేలకు పైగా ఉన్న విడి శిక్షణ సంస్థల్లో అత్యధికం శిక్షణ మీద శ్రద్ధే పెట్టకుండా డిగ్రీలను రేటుకట్టి అమ్ముకుంటున్నాయని. ఇంత ఘాటైన మాట ప్రభుత్వ పత్రంలో కనిపించడం అరుదు.

కాలం పెరిగింది

మరోవైపు మంచి మార్పూ వచ్చింది. బి.ఎడ్. ఒక్క ఏడాది చదువుగా ఉన్న రోజుల్లో బడిలో గడిపేది కొద్ది వారాలే. పిల్లల పేర్లు నోటికి వచ్చేసరికి పాఠాల కోటా అయిపోయేది. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిబంధనలు మార్చింది. 2015-16 నుంచి బి.ఎడ్. రెండేళ్ళయింది. బడిలో గడపాల్సిన కాలం ఇరవై వారాలయింది. మొదటి ఏడు నాలుగు, రెండో ఏడు పదహారు వారాలు. పదహారు వారాలంటే యూనిట్ పరీక్షలు, దిద్దటాలు, తల్లిదండ్రుల సమావేశం, బడి పండగలు అన్నీ చూడవచ్చు. బడి ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

కాలం పెరిగింది గానీ వెనక బెంచీ మాస్టారి లెక్క మారలేదు. ఫిన్లాండులో ఈ పనికి వేరే బడులే ఉన్నాయి. విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉండే ఆ శిక్షణ పాఠశాలల్లో ఉపాధ్యాయుడి ఉద్యోగంలోనే రెండు పనులు కలిసి ఉంటాయి. పిల్లలకు చెప్పడం ఒకటి, చెప్పడం నేర్చుకునేవారిని చూడటం ఒకటి. రెండోది దయాధర్మం కాదు, డ్యూటీ. జపాన్‌లో అయితే ట్రైనీ అనేముంది, పాతికేళ్ళ సర్వీసున్న టీచరు పాఠం చెబుతున్నా తోటి టీచర్లు గోడ వెంబడి నిలబడి చూస్తారు. తరవాత అందరూ కూర్చుని ఆ ఒక్క పాఠం గురించే మాట్లాడుకుంటారు. ఎవరూ చిన్నబుచ్చుకోరు.

మన దగ్గర కూడా 2020 విధానం మెంటరింగుకు జాతీయ మిషన్ పెట్టాలంది. రిటైరైన, అనుభవమున్న అధ్యాపకుల సాయం తీసుకోవాలంది. ఆ మాట మంచిదే. ఉభయగోదావరుల్లో రిటైరైన బి.ఎడ్. మాస్టార్లకు కొదవేముంది? సాయంత్రం అరుగు మీదో, గుడి దగ్గరో కూర్చుని ఇప్పటి చదువుల గురించి పెదవి విరిచే పెద్దలు ఊరికి నలుగురైనా ఉంటారు. వారానికి రెండు పీరియడ్లు వెనక బెంచీలో కూర్చోమంటే కాదనేవారు తక్కువ. అడిగేవారుండాలి.

అంతకన్నా చిన్న పనులూ ఉన్నాయి. ట్రైనీల బాధ్యత తీసుకున్న మాస్టారికి రోజుకొక పీరియడ్ తగ్గించవచ్చు, వరండాలో మాట్లాడుకోవడానికి. కాలేజీ లెక్చరరు, బడి మాస్టారు కలిసి ఒక పాఠం చూసి ఒకే మాట చెప్పవచ్చు. ఇప్పుడు ఆయనొకటి చెబితే ఈయనొకటి చెబుతారు, ట్రైనీ నలిగిపోతాడు. మాస్టారు వేసిన అంచనాకు బి.ఎడ్. మార్కుల్లో గట్టి విలువ ఇవ్వవచ్చు. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇరవై వారాలు పూర్తయ్యాక ట్రైనీలు వెళ్ళిపోతారు. ఆఖరి రోజు పిల్లలు డబ్బులు వేసుకుని పెన్నులు కొనిస్తారు, ఫొటోలు తీసుకుంటారు, కొందరు ఏడుస్తారు కూడా. మర్నాడు పాత మాస్టారు మళ్ళీ నల్లబల్ల దగ్గరకు వస్తే ‘ఆ మాస్టారు మళ్ళీ ఎప్పుడొస్తారండీ?’ అని ఎవడో అడుగుతాడు. ఆయన నవ్వి పాఠం మొదలుపెడతారు. కొన్ని నెలలకు కాలేజీ నుంచి కొత్త జాబితా హెడ్మాస్టరు బల్ల మీదికి వస్తుంది. ఎనిమిది మందో, పది మందో పేర్లు. హెడ్మాస్టరు కాగితం పట్టుకుని స్టాఫు రూములోకి వస్తారు. అందరూ దిద్దుతున్న పేపర్లలోకి తల ఇంకాస్త వంచుతారు.

‘ఈసారి ఎవరు చూసుకుంటారండీ?’